ఊటీ తాత గాలం, జేజినాయన తలపాగా

మొన్న మా మనవడు సెల్‌ఫోన్ చూస్తూ ఒకటే నవ్వు. ఏందిరా అంటే, "ఈ పిచ్చోణ్ణి చూడవ్వా" అని తెచ్చి నా ముక్కుకు ఆనించాడు. కళ్ళజోడు పెట్టుకుని చూస్తే, ఏదో చలి దేశంలో ఒకాయన నడుము దాకా రబ్బరు ప్యాంటు తొడుక్కుని ఏట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో పొడుగాటి సన్నటి కర్ర. దాంతో దారాన్ని తల మీదుగా వెనక్కీ ముందుకూ ఆడిస్తున్నాడు. అది గాల్లో మెలికలు తిరిగి పోయి నీళ్ళ మీద మెత్తగా వాలుతోంది.

"ఇట్ల చేపలు పడతారంట. నువ్వెప్పుడన్నా చూసినావా?" అన్నాడు వాడు, చూసి ఉండనులే అన్న ధీమాతో.

చూశాను నాయనా. ఈయన కంటే బాగా విసిరే మనిషిని చూశాను. కాకపోతే ఆయన విసిరింది నీళ్ళలో కాదు, ఉత్త ఇసకలో.

మాది వేంపల్లె పక్కన చిన్న ఊరు. మా ఊరికి ఏరు ఉందని పెళ్ళి సంబంధాలప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళు గాని, వచ్చిన చుట్టాలు "ఏదీ ఏరు?" అని అడిగితే అందరూ ఇసక వైపు చేయి చూపించేవాళ్ళు. వానాకాలంలో కొన్నాళ్ళు ఎర్రగా ఉరికి పారేది. ఆ తర్వాత మళ్ళీ ఇసకే. అయితే ఊరికి దిగువన, ఏరు మలుపు తిరిగే చోట, ఒక పెద్ద బండ కింద మడుగు ఉండేది. ఎంత ఎండలు కాసినా ఆ మడుగు ఎండేది కాదు. బర్రెలు అందులోనే పొర్లేవి, పిల్లలం అందులోనే ఈత నేర్చుకున్నాం. పక్కెలు, జల్లలు, కొరమట్టలు, చేపలన్నీ ఆ కాసిని నీళ్ళలోనే సర్దుకుని, మళ్ళీ ఏరొచ్చే దాకా ఎట్లాగో బతికేవి. పాచి, బర్రెలు, తడి ఇసక కలిసిన ఒక వాసన అక్కడ ఎప్పుడూ ఉండేది. ఇంటికి పోగానే మా జేజి, అంటే నాయనమ్మ, నా జడ వాసన చూసి "మళ్ల మడుక్కు పోయినావా?" అని వీపు విమానం మోత మోగించేది.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో చర్చి వీధిలో ఒక పెద్దాయన దిగాడు. కొత్త మనిషేం కాదు, ఆ వీధి బిడ్డే. మీసాలు రాని వయసులో ఇల్లు వదిలిపోయి, ఊటీ కొండల్లో తేయాకు తోట దొరకు వంట చేస్తూ అక్కడే తల నెరిపించుకున్నాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. దొర తన దేశం పోతూ పోతూ, తనతో పాటు చేపల వేటకు తిప్పుకున్న వంటమనిషికి తన గాలం కర్ర ఇచ్చిపోయాడు. అదీ, ఒక ట్రంకు పెట్టే, ఒక ఉన్ని టోపీ, ఇవే ఆయన ఆస్తి. మా ఎండలకు కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చుంటే, ఆయన మాత్రం తెల్లారే సరికి ఉన్ని టోపీ పెట్టుకుని, బెల్లం లేని నల్ల టీ తాగుతూ అరుగు మీద కూర్చునేవాడు. మేమంతా ఊటీ తాత అనేవాళ్ళం.

పిల్లలం ఆయన చుట్టూ ఎందుకు మూగామంటే ఒక్కటే కారణం, కేకు. కుండలో ఇసక పోసి, దాని మీద గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు వేసి కేకు కాల్చేవాడు. కోడిగుడ్లు, యాలకులు కలిసిన ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చి మమ్మల్ని చేయి పట్టుకుని తీసుకుపోయేది. రాగి సంగటీ, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడీ తప్ప మరొకటి ఎరగని నాలుకలు మావి. ఆ కేకు ముక్క కోసం ఆయన చెప్పే చేపల కథలన్నీ ఓపిగ్గా వినేవాళ్ళం. ఆ కొండల్లో ట్రౌటు అని ఒక చేప ఉంటుందట. దానికి వానపామును ఎరగా వేస్తే అవమానమట. నీళ్ళ మీద వాలే పురుగే కావాలట. అందుకని కోడి ఈకను, పట్టుదారాన్ని కొక్కేనికి చుట్టి అచ్చం ఈగలా చేసి విసరాలట.

ఇంటికొచ్చి చెబితే జేజి చేట పక్కన పెట్టి మరీ ఆశ్చర్యపోయింది. "తవుడు తినే చేపలా?"

"తవుడు కాదు జేజీ, ట్రౌటు."

"అదేలే. మన బర్రెకే తవుడు దొరకల్యా. చేపలకు బెడతారంట!"

ఈగలు చేయడానికి ఈకలు కావాలి. ఎర్రకోడి పుంజు మెడ ఈకలైతే శ్రేష్ఠమని తాత చెప్పాడు. మా పెరట్లో జేజి ముద్దుగా పెంచుకునే ఎర్ర పుంజు ఉంది. ఇంకేం. రోజూ దాన్ని చంకలో ఇరికించుకుని కాసిని ఈకలు పీకి పట్టుకుపోయేదాన్ని. రాలిన ఈకలే తెచ్చానని ఆయన అనుకున్నాడు. కొన్నాళ్ళకు పుంజు మెడ తిరగలి పిడిలా నున్నగా తేలింది. జేజికి దిగులు పట్టుకుంది. పసుపు పూసింది, వేపాకు నూరి పట్టించింది, దిష్టి తీసింది. చివరికి, దేశాలు తిరిగిన మనిషికి తెలిసి ఉంటుందని పుంజును ఎత్తుకుని ఊటీ తాత దగ్గరికే పోయింది. వెనక నేను కళ్ళతో ఎన్ని సైగలు చేశానో చెప్పలేను.

ఆయన పుంజు మెడ చూశాడు, నన్ను చూశాడు, తన రేకు డబ్బా తెరిచి జేజి ముందు పెట్టాడు. "రోగం గీగం ఏం ల్యామ్మా. మీ పుంజు ఈకలన్నీ ఈడ ఉండాయి."

ఊటీ తాతకు అబద్ధం చెప్పడం చేతకాదని ఆ రోజు నాకు తెలిసింది. నా వీపుకు ఇంకా బాగా తెలిసింది.

అంతా బాగానే ఉంది గాని, విసరడానికి నీళ్ళేవీ? మడుగు చుట్టూ బర్రెలు, బట్టలు ఉతికేవాళ్ళు. ఏరొచ్చేదాకా చెయ్యి మరచిపోకూడదని ఆయన రోజూ పొద్దున్నే ఏట్లోకి దిగి, ఆ ఎండు ఇసకలో నిలబడి, కర్ర ఆడించి దారం విసిరేవాడు. ఈక ఈగ పోయి ఇసక మీద వాలేది. లాక్కుని మళ్ళీ విసిరేవాడు.

ఇసకలో తవ్విన చెలమల దగ్గరికి నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు బిందెలు దించి చూశారు. మా సీమలో ఒక మనిషి కర్ర పట్టుకుని ఎండిన నేల మీద తిరుగుతూ ఉంటే, ఆ కర్ర చివర వణుకుతూ ఉంటే, దానికి ఒకటే అర్థం. నీళ్ళు చూస్తున్నాడు. వేపపుల్ల పట్టుకుని బావికి చోటు చూపించేవాళ్ళను అందరూ చూసినవాళ్ళే. పైగా ఈయన ఊటీ నుంచి వచ్చాడు. మా ఊరికి ఊటీ అంటే ఏమిటో తెలియదు. ఊట అంటే మాత్రం తెలుసు, చెలమ అడుగున ఊరి వచ్చే నీళ్ళు. ఆ మనిషి ఊట దేశం నుంచే వచ్చాడని తీర్మానించుకుని, ఈగ వాలిన చోట తవ్వారు. ఏటి ఇసక కదా, మోకాలి లోతు తవ్వితే ఎక్కడైనా నీళ్ళు పడతాయి. పడ్డాయి. ఇంక చూడండి, ఊరు ఊరంతా బిందెలతో ఆయన వెనక.

"తల్లుల్లారా, నాకు నీళ్ల సంగతి తెల్దు. నేను చేపలు పట్టేది చేస్తాండా" అని ఆయన మొత్తుకున్నాడు.

ఒక ముసలామె అందరి తరఫునా జవాబు చెప్పింది. "ఇసకలో చేపలు పడతాండా అంటే, కింద నీళ్లుండాయనే గదప్పా అర్థం?"

ఆయన దారం చుట్టుకుని ఇంకో చోటికి జరిగాడు. బిందెలు కూడా ఆయన వెనకే జరిగాయి.

ఈ సంగతి మా జేజినాయన చెవిన పడింది. జేజినాయన అంటే మా నాయనకు నాయన. ఊళ్ళో ఎక్కువ భూమి ఆయనదే, ఎక్కువ గొంతూ ఆయనదే. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు ఊళ్ళో ఎవరికీ జ్ఞాపకం లేదు. మడుగును ఆనుకుని ఆయన చేను. అందులో కొత్తగా చీనీ మొక్కలు, అదే బత్తాయిలు, నాటించాడు. బావి అడుగంటి మొక్కలు వాడుముఖం పడుతుంటే, ఆయన ముఖమూ వాటితో పాటే వాడిపోతోంది. అందుకని బోరు వేయిద్దామని, మడుగు పక్క పల్లపు చేలోనే చోటు చూడమని ఊటీ తాతకు కబురు పంపాడు.

ఆ సాయంత్రం తాత మడుగు బండ మీద దిగాలుగా కూర్చుని ఉన్నాడు. "ఈడ బోరేస్తే మడుగు సచ్చిపోతాదమ్మే. ఏరొచ్చే లోపల ఒగ చేపన్నా మిగలదు" అన్నాడు.

"పోవద్దులే తాతా."

"నేను పోకుంటే ఇంగొగర్ని పిలుస్తాడు. పోతా. పోయి చేని పైనుండే రాళ్ల గట్టు మిందికి ఇసురుతా. ఆ రాళ్లలో సుక్క నీళ్లు పడవు. పెద్దాయన ఇసుక్కోని బోరు మాటే మానుకుంటాడు."

"అది అబద్ధం గాదా?"

ఆయన ఉన్ని టోపీ తీసి తల గోక్కున్నాడు. "నేనేం చెప్పను గదమ్మే. ఇసురుతా, అంతే."

మరుసటి రోజు చేలో తిరునాళ్ళలా జనం. జేజి గాలం కర్రకు కుంకుమ పెట్టి సాంబ్రాణి పొగ వేసింది. తాత ఎంత ఇబ్బంది పడ్డాడో, పొగకు దగ్గుతూ, "పెద్దాయనా, ముందే చెప్తాండా. ఇది చేపల గాలం. నాకు నీళ్లు చూసేది రాదు" అన్నాడు.

"తెల్సులేప్పా. విద్య వచ్చినోడు యాడన్నా వస్తాదని చెప్తాడా? కానియ్యి" అన్నాడు జేజినాయన.

తాత మడుగుకు వీపు పెట్టి, గట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. కర్ర వెనక్కి పోయింది, ముందుకు వచ్చింది. దారం బుస్సుమంటూ పొడుగవుతోంది. విద్య దగ్గరగా చూద్దామని జేజినాయన ఆయన వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఈసారి వెనక్కి పోయిన కొక్కెం సూటిగా వచ్చి జేజినాయన తలపాగాలో దిగింది. తాతకేం తెలుసు, ఉన్న బలమంతా పెట్టి ముందుకు విసిరాడు. తెల్లటి తలపాగా కొంగలా గాల్లోకి లేచి, జనం తలల మీదుగా ఎగిరిపోయి, గట్టు మీద తంగేడు పొద పక్కన వాలింది.

జేజినాయన బోడి తలను ఊరు చూడటం అదే మొదలు. ఆయన నోరు తెరిచాడు. తాత పని అయిపోయిందనుకున్నాం. ఇంతలో మా జీతగాడు, మాకు పాలేరులెండి, రెండు చేతులూ జోడించి, "పెద్దాయన తలపాగే చూపించినాది! ఇంగ ఆడే నీళ్లు!" అని అరిచాడు. తెరిచిన నోరు అట్లాగే మూసుకుంది. తన తలపాగాకు అంత మహిమ ఉందని జేజినాయనకు కూడా అప్పుడే తెలిసింది.

బోరు బండి వచ్చి తంగేడు పొద పక్కన రాయిని పొద్దంతా తొలిచింది. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. దుమ్ము ఎగిరే కొద్దీ తాత ముఖం తేటపడుతోంది, జేజినాయన ముఖం నల్లబడుతోంది. బండివాడు ఇంక ఆపేద్దామా అని అడుగుతుండగా భూమిలో ఏదో గుడగుడమంది. నీళ్ళు బండి కంటే ఎత్తు లేచాయి. జేజినాయన పంచె ఎగగట్టి ఆ బురద వానలో నిలబడి పసిపిల్లాడిలా తడిసిపోయాడు. జేజి అలసంద వడలు కాల్చి ఊరంతా పంచింది. తాత మెడలో బంతిపూల దండ వేశారు. ఆయన మాత్రం చేతిలో వడ చల్లారిపోతున్నా తినకుండా మడుగు వైపే చూస్తున్నాడు.

ఆయన భయపడ్డంతా అయింది. కరెంటు ఉన్నంతసేపూ మోటరు ఆడింది. చీనీ మొక్కలు తేరుకుని చిగుళ్ళు వేశాయి. ఇటు మడుగు రోజురోజుకూ తగ్గిపోయింది. బండ మీద అంతవరకూ ఎన్నడూ కనబడని భాగం పాచితో నల్లగా బయటపడింది. బర్రెలకు వీపు మునగడం లేదు. ఎక్కడి నుంచో కొంగలు వచ్చి మడుగు ఒడ్డున వరసగా కూర్చుని, తీరిగ్గా ముక్కులు నూరుకుంటున్నాయి. కింద ఎక్కడో ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ ఒకటే. రాళ్ళలో నీళ్ళుండవని తాత పప్పులో కాలేశాడు.

ఒక పొద్దున ఆయన మా ఇంటికి వచ్చాడు. జేజినాయన పంచలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

"రాపా, రా. నీ చెయ్యి శానా మంచిది" అన్నాడు జేజినాయన.

"పెద్దాయనా, ఒగ మాట చెప్పల్ల. ఆడ నీళ్లు పడవనే ఇసిరినా."

మజ్జిగ చెంబు నేలకు తగిలిన చప్పుడు నాకింకా వినబడుతోంది. "ఏమంటివి?"

"మడుగు బతకల్లని ఇసిరినా. నీ బోరు ఎండిపోవల్లని కోరుకున్యా. పడినాయి. ఇప్పుడు మడుగు సస్తాండాది. తప్పే. తిట్టు."

జేజినాయన తిట్టాడు. ఆయన తిట్లకు పెరట్లో పుంజు, అప్పుడప్పుడే ఈకలు మొలుస్తున్న పుంజు, గంప కిందికి దూరింది. అన్నీ అయ్యాక, "నా చీనీ చెట్లు సావల్నా, నీ చేపలు బతకల్నా? చెప్పు!" అని గద్దించాడు.

"రెండూ బతకల్ల. ఒగసారి వచ్చి చూడు పెద్దాయనా. చూసినాక నీ ఇష్టం."

ఎందుకు లేచాడో తెలియదు గాని లేచాడు. వెనకే నేనూ పోయాను. మడుగు ఒడ్డున ముగ్గురం నిలబడ్డాం. నీళ్ళ మీద ఒకచోట చారెడు ఎర్రటి నలకలు గుంపుగా కదులుతున్నాయి. కొరమట్ట పిల్లలు. చూస్తుండగానే వాటి కింది నుంచి నల్లటి తల్లి పైకి తేలి, ఒక గుటక గాలి మింగి, మళ్ళీ పిల్లల కిందికి పోయింది. ఒక కొంగ అడుగు ముందుకు వేసింది. ఆ చేప నీళ్ళు చిమ్ముకుంటూ దాని కాళ్ళ మీదికి ఉరికింది. కొంగ బెదిరి వెనక్కి ఎగిరింది.

"ఏందిపా ఇది, కాపలా కాస్తాండాదా?" అన్నాడు జేజినాయన.

"ఊ."

"ఈ బురదలోనా?"

"ఇంగ యాడికి పోతాది?"

జేజినాయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు. తర్వాత లేచి, పంచె దులుపుకుని ఇంటికి వచ్చేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంక మడుగు లేనట్టే అనుకున్నాను.

మరుసటి రోజు జీతగాణ్ణి పిలిచి, "మోటరు శానా వేడెక్కుతాండాది. రోజు మార్చి రోజు ఆడించు. అదీ సగం పొద్దే. చెట్లకు పాదులు చేసి కడవలతో పోయించు" అన్నాడు. జీతగాడు పోయి మోటరు మీద చెయ్యి పెట్టి చూశాడట. చల్లగా ఉందట. ఆ ముక్క వచ్చి జేజి చెవిలో వేస్తే, జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. కడవ మోసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. నా నడుం విరిగిందనే చెప్పాలి. కొన్ని చీనీ మొక్కలు పోయాయి. మడుగు నిండలేదు గాని, ఇంకా తగ్గలేదు.

వానలొచ్చాయి, ఏరొచ్చింది. ఎర్రనీళ్ళు తేటబడ్డాక ఊటీ తాత మొదటిసారి మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. ఊరంతా ఒడ్డున చేరింది. ఆయన వెనక మాత్రం ఎవరూ నిలబడలేదు. దారం పోయి బండ పక్కన వాలింది. ఈక ఈగ కాసేపు తేలింది. నీళ్ళు భళ్ళున పగిలాయి. కర్ర విల్లులా వంగింది. నా చేయంత కొరమట్ట. ఆడవాళ్ళు అక్కడికక్కడే చింతపండు ఎంత నానబెట్టాలో లెక్క మొదలుపెట్టారు. తాత వంగి కొక్కెం తీశాడు. రెండు చేతులతో చేపను నీళ్ళలో పట్టుకున్నాడు, అది కాస్త తేరుకోగానే వదిలేశాడు.

"అయ్యయ్యో!" అంది ఊరు.

ఊరి కంటే గట్టిగా ఒక్క గొంతు లేచింది. "ఏయ్! ఎవురి చేపని ఎవురప్పా వదిలేది? నా చీనీ చెట్ల నోరు కొట్టి, మోటరు ఆపుకొని, ఎండాకాలమంతా సాకింటి గదా దాన్ని!"

అందరూ జేజినాయన వైపు తిరిగారు. జీతగాడికి నోరు ఊరుకోదు. "మోటరు వేడెక్కిందంటివి గద పెద్దాయనా?"

జేజినాయన ముఖం ఎర్రబడింది. "వేడెక్కింది. ఎండాకాలం గదా, ఎక్కదా?" అని తలపాగా కళ్ళ మీదికి లాక్కుని గబగబా ఇంటి దారి పట్టాడు. నీళ్ళలో నిలబడి ఊటీ తాత నవ్విన నవ్వు అవతలి గట్టు దాకా పోయింది.

ఆ ఇద్దరూ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఏటికి రెండు పక్కలా ఎటు చూసినా బోర్లే. మడుగు ఉన్న చోట బండ ఒక్కటే మిగిలింది, దాని కింద ఇసక కూడా ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి. ఊరికి పోయినప్పుడల్లా అక్కడి దాకా పోయి వస్తాను. ఆ తర్వాత చాలామంది పెద్దమనుషుల్ని చూశాను, మడుగులు ఎండబెట్టి తల ఎత్తుకుని తిరిగేవాళ్ళను. మడుగును బతికించి, ఆ సంగతి బయటపడిందని సిగ్గుతో పారిపోయినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. ఆయన మా జేజినాయన.